ఐసీనా, ట్రాన్సిస్టరా? ప్రీయాంప్ సౌండ్ ఎక్కడ చెడుతుంది, ఎక్కడ బాగుపడుతుంది

విశాఖలో డాబాగార్డెన్స్ వైపు విడిభాగాల దుకాణంలో ప్రీయాంప్ బోర్డు (ప్లేయర్‌కూ పవర్ బోర్డుకూ మధ్య ఉండేది) కావాలంటే చాలావరకు ఒకే రకం సరుకు చేతికొస్తుంది. మధ్యలో ఎనిమిది కాళ్ల 4558 ఐసీ, ముందు వరసలో బాస్, ట్రెబుల్, వాల్యూమ్ కంట్రోళ్లు, చుట్టూ కొన్ని కండెన్సర్లు. దాన్ని తెచ్చి 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత ఉన్న పవర్ బోర్డుకు కలిపితే పాట వస్తుంది. పాట ఆగగానే స్స్‌మని హిస్సూ, గుయ్యిమని హమ్మూ కూడా వస్తాయి. ఇక సలహాలు మొదలవుతాయి. ఐసీ పీకేసి ట్రాన్సిస్టర్లతో ప్రీయాంప్ కట్టుకోమంటారు ఒకరు. 4558 తీసి 5532 పెడితే చాలంటారు ఇంకొకరు. బయటి నుంచి ఖరీదైన ఐసీ తెప్పించుకోమంటారు మూడోవారు. ముగ్గురూ చూడాల్సిన చోటు వదిలేసి పార్టు నంబరు దగ్గరే ఆగిపోయారు. ఆ హిస్సు, ఆ హమ్ము చాలాసార్లు పుట్టేది ఐసీలో కాదు. దాని ముందున్న వాల్యూమ్ కంట్రోల్ విలువలో, దానికి వచ్చే సప్లైలో, అవసరానికి మించి పెట్టిన గెయిన్‌లో (సిగ్నల్‌ను పెంచే రెట్లలో) పుడతాయి.

ఐసీ మీద అనుమానం ఊరికే రాలేదు. ఈ ప్రీయాంప్ ఐసీలన్నీ ఆప్ ఆంప్ రకానివే. ఆప్ ఆంప్ అన్నది ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువేమీ కాదు, ఇరవై పైచిలుకు ట్రాన్సిస్టర్లను ఒకే సిలికాన్ ముక్క మీద కట్టిన సర్క్యూట్. 1968లో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన 741 అందరికీ అలవాటైన మొదటి ఆప్ ఆంప్. అది కొలత పరికరాలకు బాగా పనికొచ్చింది, ఆడియోకు చాలలేదు. దాని గెయిన్ బ్యాండ్‌విడ్త్ సుమారు 1 మెగాహెర్ట్జ్. అంటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాని మొత్తం గెయిన్ 50 రెట్లే. మనం 10 రెట్ల గెయిన్ తీసుకుంటే, తన తప్పు తాను దిద్దుకోవడానికి దాని దగ్గర మిగిలేది 5 రెట్ల ఫీడ్‌బ్యాక్. పైగా స్లూ రేటు (అవుట్‌పుట్ కదలగల వేగం) మైక్రోసెకనుకు 0.5 వోల్టు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 4 వోల్టుల పీక్ దాటి కదల్లేదు. ఆ రోజుల్లో రెండు ట్రాన్సిస్టర్ల ఫీడ్‌బ్యాక్ జత దీన్ని సులువుగా ఓడించింది. ఐసీ సౌండ్ బాగోదు అన్న మాట అప్పటిది. అప్పటికి అది నిజం కూడా.

డెబ్బైల చివర్లో సిగ్నెటిక్స్ 5534, 5532 తెచ్చాక లెక్క మారింది. 5532 గెయిన్ బ్యాండ్‌విడ్త్ 10 మెగాహెర్ట్జ్, స్లూ రేటు మైక్రోసెకనుకు 9 వోల్టులు, నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు (నాయిస్ కొలిచే యూనిట్ ఇది) 5 నానోవోల్టులు. 600 ఓమ్స్ లోడును కూడా నడుపుతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 రెట్ల గెయిన్‌లో కూడా 50 రెట్ల ఫీడ్‌బ్యాక్ మిగులుతుంది. నిజానికి అందరూ తిట్టే 4558 కూడా అంత చెడ్డదేమీ కాదు. దాని స్లూ రేటు మైక్రోసెకనుకు 1 వోల్టు అనుకున్నా 20 కిలోహెర్ట్జ్ దగ్గర 8 వోల్టుల పీక్ ఇస్తుంది. మన పవర్ బోర్డుకు కావలసింది ఒకటిన్నర వోల్టు పీకే.

ఒక్క ట్రాన్సిస్టర్ ఏం చేస్తుంది

ట్రాన్సిస్టర్ వైపు న్యాయంగా చూడాలంటే ఒక స్టేజీ కట్టి లెక్క వేయాలి. సప్లై 24 వోల్టులు, ట్రాన్సిస్టర్ బీసీ 549సీ. దాని మూడు కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టర్‌లో 10కె రెసిస్టెన్స్ (కె అంటే వెయ్యి ఓమ్స్), ఎమిటర్‌లో 1కె. బేస్‌కు పైనుంచి 180కె, కింద 15కె. బేస్ దగ్గర 1.8 వోల్టులు, ఎమిటర్ దగ్గర 1.2 వోల్టులు, కరెంటు 1.2 మిల్లీయాంప్, కలెక్టర్ దగ్గర 12 వోల్టులు రావాలి. కలెక్టర్ సరిగ్గా సగం దగ్గర నిలబడింది కాబట్టి రెండు వైపులా ఊగడానికి చోటుంది. గెయిన్ పదికి కాస్త తక్కువ.

ఎమిటర్‌లో ఆ 1కె లేకుండా, లేదా దాన్ని కండెన్సర్‌తో పూర్తిగా బైపాస్ చేసి నడిపితే, బేస్ మీద 1 మిల్లీవోల్టు పీక్‌కే సుమారు 1 శాతం సెకండ్ హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు స్వరం) వస్తుంది. ట్రాన్సిస్టర్ స్వభావమే అంత వంకర. 1కె పెట్టాక అదే స్టేజీ 1 వోల్టు అవుట్‌పుట్ దగ్గర లెక్క ప్రకారం 0.06 శాతానికి దిగుతుంది, అదీ ఎక్కువగా సెకండ్ హార్మోనికే. అవుట్‌పుట్ పెరిగే కొద్దీ డిస్టార్షన్ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అదే పని చేసే 5532 దగ్గర ఈ అంకె 0.001 శాతం లోపే ఉంటుంది. 0.06 శాతం సెకండ్ హార్మోనిక్ పాటలో చెవికి దొరకడం చాలా కష్టం, అసలు స్వరమే దాన్ని కప్పేస్తుంది. కాబట్టి డిస్టార్షన్ అంకె చూపించి ట్రాన్సిస్టర్ స్టేజీని కొట్టిపారేయడం సబబు కాదు.

దాని అసలు బలహీనతలు రెండు. మొదటిది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్ బయటికి వచ్చే దారిలో ఉన్న అడ్డు. ఈ స్టేజీ 10కె దగ్గర నుంచి బయటికి ఇస్తుంది. తర్వాత 47కె వాల్యూమ్ ఉంటే గెయిన్ 8కి తగ్గుతుంది, 10కె వాల్యూమ్ పెడితే 5కి పడిపోతుంది. రెండోది సప్లై. ప్లేయర్ కలిపి ఉన్నప్పుడు సప్లైలో ఉన్న 100 హెర్ట్జ్ రిపుల్ (డీసీలో మిగిలిపోయిన అల) దాదాపు మొత్తం 10కె గుండా నేరుగా కలెక్టర్ మీదికి దిగుతుంది. ఆపడానికి అక్కడ ఎవరూ లేరు. అందుకే ట్రాన్సిస్టర్ ప్రీయాంప్‌లో ప్రతి స్టేజీకి వేరే ఫిల్టర్ తప్పదు. 470 ఓమ్స్ సిరీస్‌లో, 470 మైక్రోఫారడ్ ఎర్త్‌కు పెడితే 100 హెర్ట్జ్ దగ్గర 43 డెసిబెల్స్ తగ్గుతుంది, వోల్టేజీ నష్టం 0.6 వోల్టు మాత్రమే. చాలామంది చేతితో కట్టిన ట్రాన్సిస్టర్ బోర్డుల్లో హమ్ రావడానికి కారణం ఈ రెండు పార్టులూ లేకపోవడమే. ఆప్ ఆంప్ అయితే ఈ రిపుల్‌ను తనే అణిచేస్తుంది.

కట్టేవారికి ఒక హెచ్చరిక. బీసీ 549ని చదునైన వైపు మనకు చూపేలా పట్టుకుంటే కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. దుకాణంలో దానికి బదులిచ్చే సీ 1815, సీ 945 లలో వరస ఎమిటర్, కలెక్టర్, బేస్. చూడకుండా దించేస్తే వోల్టేజీలు ఎక్కడివక్కడ తప్పుతాయి. 549లోనే కలెక్టర్, ఎమిటర్ తారుమారైతే మరీ చిక్కు. ట్రాన్సిస్టర్ పూర్తిగా చావదు, గెయిన్ అడుగంటి పాట వంకరగా వస్తుంది, తప్పు ఎక్కడుందో పూటంతా వెతకాల్సి వస్తుంది. సోల్డరింగ్ అయ్యాక పాట పెట్టేముందు కలెక్టర్ మీద మల్టీమీటర్ పెట్టి 11 నుంచి 13 వోల్టుల మధ్య ఉందో లేదో చూస్తే చాలు.

హిస్సంతా వాల్యూమ్ కంట్రోల్ దగ్గరే

ఎక్కువమంది డబ్బు వృథా చేసుకునే చోటు ఇది, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. ఏ రెసిస్టెన్స్ అయినా దానంతట అదే నాయిస్ పుట్టిస్తుంది. 1కె ఇచ్చేది రూట్ హెర్ట్జ్‌కు 4 నానోవోల్టులు. విలువ నాలుగింతలైతే నాయిస్ రెండింతలవుతుంది. వాల్యూమ్ కంట్రోల్ మధ్యలో, సరిగ్గా సగం రెసిస్టెన్స్ దగ్గర ఉన్నప్పుడు తర్వాతి స్టేజీకి కనిపించే విలువ మొత్తంలో పావు వంతు. 100కె కంట్రోల్ అయితే 25కె. దాని నాయిస్ 20 నానోవోల్టులు. 10కె కంట్రోల్ అయితే 2.5కె, నాయిస్ 6.4 నానోవోల్టులు.

ఇప్పుడు 100కె వాల్యూమ్ తర్వాత టీఎల్ 072 అనే ఇంకో ఆప్ ఆంప్ పెట్టాం అనుకోండి. దాని సొంత నాయిస్ 18. రెండూ కలిస్తే (నాయిస్‌లు వర్గాలుగా కలుస్తాయి) 27. దాన్ని పీకి 5532 పెడితే? దాని వోల్టేజీ నాయిస్ 5 మాత్రమే. కానీ దానికి కరెంటు నాయిస్ కూడా ఉంది, రూట్ హెర్ట్జ్‌కు 0.7 పికోయాంప్. అది 25కె గుండా పారి 17.5 నానోవోల్టులవుతుంది. అన్నీ కలిపితే మళ్లీ 27. ఐసీ మారింది, హిస్సు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

అదే బోర్డులో వాల్యూమ్‌ను 10కెకి మార్చి చూడండి. టీఎల్ 072తో మొత్తం 19, 5532తో 8.3. తేడా 7 డెసిబెల్స్, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. 5532 కొన్న డబ్బు వసూలయ్యేది 10కె వాల్యూమ్ పెట్టినప్పుడే. ట్రాన్సిస్టర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 100కె తర్వాత ఎంత మంచి 549సీ పెట్టినా ముందున్న 20 నానోవోల్టులు ఎక్కడికీ పోవు.

5532లో ఇంకో గుణం ఉంది. దాని ఇన్‌పుట్ కాలు సుమారు 200 నానోయాంప్‌ల డీసీ కరెంటు తీసుకుంటుంది. వాల్యూమ్ వైపర్‌ను నేరుగా ఆ కాలికి కలిపితే ఆ కరెంటు ట్రాక్ మీద పారుతుంది. 25కె మీద అది 5 మిల్లీవోల్టులు. నాబ్ తిప్పినప్పుడల్లా ఆ డీసీ ఎగిరెగిరి పడి గరగరమంటుంది. కొత్త కంట్రోల్ వేసినా గరగర పోలేదంటే కారణం తరచూ ఇదే. వైపర్‌కూ ఐసీకీ మధ్య 2.2 లేదా 4.7 మైక్రోఫారడ్ కండెన్సర్, ఐసీ వైపు నుంచి ఎర్త్‌కు 47కె పెడితే సరిపోతుంది. టీఎల్ 072 ఇన్‌పుట్‌లో జేఫెట్లు (ఇన్‌పుట్‌లో దాదాపు కరెంటు తీసుకోని రకం ట్రాన్సిస్టర్లు) ఉంటాయి కాబట్టి దానికి ఈ బెడద లేదు.

ఇక గెయిన్. యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె), సీడీ ప్లేయర్ లాంటివి పూర్తి స్థాయిలో 2 వోల్టులు ఇస్తాయి. మన పవర్ బోర్డు 1 వోల్టు దగ్గరే పూర్తి పవర్ ఇస్తుంది. అంటే గెయిన్ అవసరమే లేదు, ఒక బఫర్ చాలు. ఫోన్ నుంచి వినేవారికైనా 2 లేదా 3 రెట్లు సరిపోతుంది. బజారు బోర్డుల్లో మాత్రం 10, 20 రెట్లు పెట్టి ఉంచుతారు, నాబ్ కొంచెం తిప్పగానే గట్టిగా వినపడితే కొనేవారికి బోర్డు పవర్‌ఫుల్ అనిపిస్తుంది కదా. తర్వాత ఇంట్లో నాబ్ ఎప్పుడూ ఎనిమిది గంటల గుర్తు దగ్గరే ఉంటుంది, కుడి ఎడమలు సమంగా వినిపించవు, హిస్సు పది రెట్లు పెరిగి వస్తుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టెన్స్‌ను 2.2కె, ఎర్త్ వైపు దాన్ని 1కె చేస్తే గెయిన్ 3.2. విలువలు చిన్నవి కాబట్టి వాటి సొంత నాయిస్ కూడా తక్కువ.

సప్లై

ఐసీ బోర్డుల్లో హమ్ వస్తే మొదట చూడాల్సింది ట్రాన్స్‌ఫార్మర్. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ కొని 7815, 7915 రెగ్యులేటర్లు వేయడం చాలా మామూలుగా కనిపించే తప్పు. 12 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక 16 వోల్టులు వస్తుంది. 7815 సరిగ్గా పనిచేయాలంటే రిపుల్ అడుగున కూడా 17 వోల్టులకు పైన ఉండాలి. అది దొరక్క రెగ్యులేటర్ సెకనుకు వంద సార్లు పట్టు వదిలేస్తుంది, ఆ వదిలిన ప్రతిసారీ రిపుల్ లోపలికి వస్తుంది. 12-0-12 ఉంటే 7812, 7912 వేసి చూడండి, అవీ బొటాబొటీనే. 15-0-15 బాగానే ఉంటుంది కానీ ఎండాకాలం సాయంత్రాలు కరెంటు 190 వోల్టులకు దిగితే 20.5 రావాల్సింది 17కు పడుతుంది. 18-0-18 తీసుకుంటే నిశ్చింత. ఐసీలు తినే కరెంటు తక్కువ కాబట్టి వేడి కూడా పెద్దగా ఉండదు.

7915 వెనకున్న లోహపు రేకు ఎర్త్ కాదు, ఇన్‌పుట్. రెండు రెగ్యులేటర్లనూ మైకా (కరెంటు పారనివ్వని పలక) లేకుండా ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే మైనస్ సప్లై షార్ట్. కాళ్ల వరస కూడా 7815తో కలవదు. 7915లో మొదటిది ఎర్త్, మధ్యది ఇన్‌పుట్, చివరిది అవుట్‌పుట్.

4558 తీసి 5532 పెట్టాక సౌండ్ పాడయిందని కొందరంటారు. అది భ్రమ కాదు, నిజంగానే జరుగుతుంది. వేగమైన ఐసీకి సప్లై దగ్గరగా ఉండాలి. 8వ కాలికీ 4వ కాలికీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కండెన్సర్ ఒక సెంటీమీటరు లోపు లేకపోతే 5532 చెవికి అందని ఫ్రీక్వెన్సీలో ఊగడం మొదలుపెడుతుంది. దీనికి ఆనవాళ్లు మూడు. ఐసీని వేలితో తాకితే చురుక్కుమంటుంది, అవుట్‌పుట్ మీద అకారణంగా డీసీ కనిపిస్తుంది, ట్రెబుల్ గరుకుగా వినిపిస్తుంది. కండెన్సర్‌ను బోర్డు కింద, ఐసీ కాళ్లకే నేరుగా సోల్డర్ చేయండి. అవుట్‌పుట్ నుంచి బయటికి పోయే వైరు ముందు 100 ఓమ్స్ పెట్టండి, షీల్డ్ వైరు కెపాసిటెన్స్ ఐసీని కదిలించకుండా ఉంటుంది. ఎల్‌ఎం 4562 గెయిన్ బ్యాండ్‌విడ్త్ 55 మెగాహెర్ట్జ్, దానికి ఈ జాగ్రత్తలు మరింత అవసరం. పాత బజారు బోర్డు మీద దాన్ని దించడం నా దృష్టిలో దండగ.

358 ఐసీని మాత్రం ఎప్పుడూ పెట్టకండి. కాళ్ల వరస 4558తో సరిపోతుంది కాబట్టి కొన్ని బోర్డుల్లో అది వచ్చేస్తుంటుంది. దాని అవుట్‌పుట్ స్టేజీ సున్నా దాటే చోట సిగ్నల్‌ను విరిచేస్తుంది. చిన్న శబ్దంలోనే, వీణ మీటు సన్నగా తగ్గిపోయే చోట, గరుకు తెలుస్తుంది.

నకిలీని పట్టడం

5532 అని అచ్చు ఉన్నంత మాత్రాన 5532 కాదు. చౌక ఐసీ మీద గీకి, పేరు మార్చి అమ్మడం దేశమంతా ఉంది. అసలు 5532లో రెండు ఇన్‌పుట్ కాళ్ల మధ్య ఎదురెదురుగా రెండు డయోడ్లు ఉంటాయి. ఐసీని బోర్డులో పెట్టకముందే మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద ఉంచి 2, 3 కాళ్ల మధ్య చూడండి. ఏ వైపు నుంచి చూసినా 0.6, 0.7 వోల్టుల దగ్గర చూపించాలి. 5, 6 కాళ్ల మధ్య కూడా అంతే. ఏమీ చూపకపోతే అది 5532 కానే కాదు. ఇంకా అనుమానం ఉంటే రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్లస్, మైనస్ ఇచ్చి, 1వ కాలిని 2తో, 7వ కాలిని 6తో కలిపి, 3, 5 కాళ్లను ఎర్త్ చేసి కరెంటు కొలవండి. 4558, టీఎల్ 072 సాధారణంగా 3 మిల్లీయాంప్‌ల చుట్టుపక్కల తీసుకుంటాయి. 5532 దానికి రెట్టింపు, ఆపైన తీసుకోవాలి.

ఉప్పుగాలి, రేడియో

పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్లలో ప్రీయాంప్‌కు ఐసీ కంటే ముందు పోయేది కాంటాక్టు. ఐసీ సాకెట్ రేకులు, ఆర్‌సీఏ సాకెట్లు, మూత లేని వాల్యూమ్ ట్రాకులు నల్లబడతాయి. ఒక చానల్ వచ్చీ పోతూ ఉంటే ముందు ఐసీని సాకెట్‌లో నొక్కి చూడండి. కొత్తగా కట్టేటప్పుడు గుండ్రని రంధ్రాల సాకెట్ వాడడమో, పరీక్ష అయ్యాక ఐసీని నేరుగా సోల్డర్ చేయడమో మేలు. సోల్డరింగ్ అయ్యాక మిగిలిన ఫ్లక్స్ తేమ పీల్చుకుని సన్నగా కరెంటు పారనిస్తుంది, ముఖ్యంగా 1 మెగాఓమ్ లాంటి పెద్ద విలువలున్న జేఫెట్ ఇన్‌పుట్‌ల దగ్గర. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, ఆరాక లాకర్ (రక్షణ పూత) పూయాలి.

ఆకాశవాణి విశాఖపట్నం మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. ఇలాంటి బలమైన ప్రసారం పొడవాటి ఇన్‌పుట్ వైరు మీద పడితే ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ జంక్షనే డిటెక్టర్‌గా పనిచేసి, ప్లేయర్ ఆపినా సన్నగా మాటలు వినిపిస్తాయి. విడి ట్రాన్సిస్టర్ అయినా, 5532 లోపలి ట్రాన్సిస్టర్ అయినా ఇందులో తేడా లేదు. జేఫెట్ ఇన్‌పుట్ ఉన్న టీఎల్ 072 కాస్త నయం. ఇన్‌పుట్ సాకెట్ దగ్గరే 1కె సిరీస్‌లో, 1 నానోఫారడ్ ఎర్త్‌కు పెడితే 927 దగ్గర 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర పోయేది 0.07 డెసిబెల్ మాత్రమే.

విడి ట్రాన్సిస్టర్లు గెలిచే చోటు

మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌తో (రికార్డు సూది ఉండే తలలో ఒక రకం) రికార్డులు వినేవారికి ట్రాన్సిస్టర్లే మేలు. దాని అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టు, లోపలి రెసిస్టెన్స్ 10 ఓమ్స్. ఆ 10 ఓమ్స్ సొంత నాయిస్ 0.4 నానోవోల్టు. అక్కడ 5532 ఇచ్చే 5 నానోవోల్టులు చాలా ఎక్కువ. కొన్ని ట్రాన్సిస్టర్లను సమాంతరంగా కలిపి ఎక్కువ కరెంటులో నడిపితే 1 నానోవోల్టు కిందికి దిగొచ్చు. ఏడీ 797, ఎల్‌టీ 1028 లాంటి ఐసీలు కూడా దగ్గరకు వస్తాయి, ధర మాత్రం చాలా ఎక్కువ. రెండో చోటు పెద్ద వోల్టేజీ. టీఎల్ 072కు ప్లస్ మైనస్ 18 వోల్టులే హద్దు, అంత తట్టుకునే విడి ట్రాన్సిస్టర్లకు 40, 50 వోల్టులు ఇవ్వొచ్చు. ఇంట్లో వినేవారికి అది దాదాపు ఎప్పుడూ అవసరం పడదు.

మూడోది ఎనభైల నాటి పాత ఆంప్లిఫయర్. ట్రాన్సిస్టర్ స్టేజీలు పీకి ఐసీ బోర్డు దూర్చడం చాలామంది మెకానిక్కులు చేసే పని, నాకు అది నచ్చదు. ఆ స్టేజీలో పోయింది సాధారణంగా ట్రాన్సిస్టర్ కాదు, ఎండిపోయిన కప్లింగ్ కండెన్సర్లు, నాయిస్ పెరిగిన కార్బన్ రెసిస్టెన్సులు. కండెన్సర్లన్నీ అదే విలువతో మార్చి, మొదటి స్టేజీ కలెక్టర్, ఎమిటర్ రెసిస్టెన్సులను మెటల్ ఫిల్మ్ చేస్తే బాస్ తిరిగి వస్తుంది, హిస్సు దిగుతుంది.

టోన్ కంట్రోల్ మాత్రం ఆప్ ఆంప్‌దే. 1952లో పీటర్ బాక్సండాల్ ప్రచురించిన బాస్-ట్రెబుల్ సర్క్యూట్‌నే ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. ట్రెబుల్ పూర్తిగా పెంచినప్పుడు దానికి బాగా ఫీడ్‌బ్యాక్ మిగలాలి, నడిపే స్టేజీ ఇంపెడెన్స్ తక్కువగా ఉండాలి. పైన చెప్పిన 10కె అవుట్‌పుట్ ఉన్న ఒంటి ట్రాన్సిస్టర్‌తో ఈ రెండూ కుదరవు, నాబ్ మీద గీసిన గీతలకూ వచ్చే సౌండుకూ పొంతన ఉండదు.

రెండు ప్రీయాంప్‌లను పోల్చాలనుకుంటే ముందు గెయిన్ సమం చేయండి. ఫోన్‌లో 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, రెండింటి అవుట్‌పుట్ మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులలో కొలిచి, ఒక శాతం తేడా లోపుకు తేవాలి. 400 ఎందుకంటే చౌక మీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికే తప్పు చూపడం మొదలుపెడతాయి. అర డెసిబెల్ గట్టిగా ఉన్నది గట్టిగా ఉన్నట్టు అనిపించదు, బాగున్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత స్విచ్ ఇంకొకరి చేతికిచ్చి, ఏది నడుస్తోందో మీకు చెప్పొద్దనండి. పది పదిహేను సార్లు మార్పించి, మీరు చెప్పినవి కాగితం మీద రాయించండి.